బలాన్సా వీధిలో తొలి సంతకం

మా అమ్మాయి ఆయెలెన్ ఉద్యోగం వచ్చిందని చెప్పగానే నేను అడిగిన మొదటి మాట, "ఆ యంత్రం పేలదు కదా?" అని. దాని చేతిలో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద రికార్డరు ఉంది. రోజంతా జేబులో వేసుకుని తిరగాలట. ఫోన్లు పేలి తొడలు కాలినవాళ్ళను టీవీలో చూపించినప్పటి నుంచి నేను ఫోనుని కూడా గాజు పళ్ళెంలో పెట్టి చార్జింగు పెడతాను.

"పేలదమ్మా. మనుషులు మాట్లాడింది ఇందులోకి ఎక్కుద్ది, అంతే."

"ఏ మనుషులు?"

"మన బలాన్సా వీధి వాళ్ళే. రేవు పోయి కొత్త పేట ఎలా వచ్చిందో, అప్పుడు ఎవరింట్లో ఏం జరిగిందో అడిగి రికార్డు చెయ్యాలి. జ్ఞాపకాల భవనంలో దాచిపెడతారు."

యంత్రం పేలడమే నయమనిపించింది నాకు.

బలాన్సా వీధి ఇప్పుడు లేదు. పరానా నది ఒడ్డున, గట్టు కింద, లారీల కాటాకీ ఏడో నంబరు గోదాముకీ మధ్య ముప్ఫై ఒక్క ఇళ్ళు ఉండేవి. మగవాళ్ళంతా ఓడల్లోకి గోధుమ బస్తాలు మోసేవాళ్ళు. తర్వాత బస్తాలు పోయి, గింజలు నేరుగా ఓడలోకి పోసే గొట్టాలొచ్చాయి. గొట్టాలొచ్చిన కొన్నాళ్ళకి ఓడలే మా ఊరు దాటి కిందికి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత టవర్లు కట్టే కంపెనీ వచ్చింది. మమ్మల్ని రైలు పట్టాల వెనక నాలుగంతస్తుల బ్లాకుల్లోకి తోలి, మా ఇళ్ళున్న చోట నాలుగు టవర్లు కట్టింది. అన్నిటికన్నా ఎత్తైనదానికి 'హమాలీ టవర్' అని పేరు పెట్టారు. ముప్ఫై ఏళ్ళు హమాలీ చేసిన దోన్ ఫెర్మీన్ ఒకసారి దాని గేటు దగ్గర నీడకి నిలబడితే, కాపలావాడు వచ్చి "డెలివరీలు వెనక గేటు నుంచి తాతా" అన్నాడు.

పాత క్రేన్లకు ఎర్ర రంగు పూసి నీలం దీపాలు పెట్టారు. ముసలెద్దుకు గాజులు తొడిగినట్టుంటాయి. ఏడో నంబరు గోదాములో సగం హోటల్ అయింది. మా మగవాళ్ళ బస్తా కొక్కేలు ఏరి తెచ్చి దాని గోడలకి వేలాడదీశారు. వాటి కిందే కూర్చుని జనం చేప తింటారు. ఒక కొక్కెం ఊడి నెత్తిన పడితే గతేమిటని నాకే భయం, తినేవాళ్ళకి లేదు. మిగతా సగం గోదాము జ్ఞాపకాల భవనం. దానికి డబ్బు పెట్టేది ఆ కంపెనీయే. నడిపేది రాజధాని నుంచి వచ్చిన డైరెక్టరమ్మ ఉగార్తె. జనవరి ఎండలో కూడా మెడకి పొడుగాటి సిల్కు గుడ్డ చుట్టుకుని సైకిల్ తొక్కుతుంది. ఆవిడ ఎదురైనప్పుడల్లా నేను చక్రం వైపే చూస్తాను.

ఆయెలెన్‌కి ఆవిడ ఒక ప్రశ్నల కాగితం ఇచ్చింది. 'రేవు వాసన మీకు ఎలా గుర్తుంది? నది మీతో ఏమనేది? మార్పుని మీరు ఎలా స్వాగతించారు?' నది మాతో అన్నదొకటే, వరదొస్తోంది, మంచాల కింద ఇటుకలు పెట్టుకోండి అని. అదే చెప్పాను. ఆయెలెన్ నవ్వి, కాగితం మడిచి సంచిలో వేసుకుంది.

"ఇవి కాదమ్మా నేనడిగేది. ఇళ్ళు ఖాళీ చేస్తామని సంతకం పెట్టం అని మన వీధి మొత్తం కలిసి ఒట్టు పెట్టుకుంది కదా. మరి వారంలో ఎలా చెదిరిపోయింది? ఎవరు ముందు పెట్టారు? అది కావాలి నాకు."

ముందు పెట్టింది నేను.

ఆయెలెన్‌కి అప్పుడు ఏడేళ్ళు. ఆగస్టు నెల. మా ఆయన ఓస్వాల్దో నదిలో పూడిక తీసే పడవ మీద ఇరవై రోజుల పనికి కిందికి వెళ్ళాడు. ఆదివారం దోన్ ఫెర్మీన్ వాకిట్లో వీధంతా కూడి, పెడితే అందరం ఒకేసారి పెడదాం, లేకపోతే ఎవరం వద్దు అని చేతులెత్తాం. నేనూ ఎత్తాను. మంగళవారం ఫైలు పట్టుకుని కంపెనీ మనిషి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, కాళ్ళు తుడుచుకుని మరీ లోపలికి వచ్చాడు. అరవలేదు, బెదిరించలేదు. "సెన్యోరా, ఇళ్ళు కూల్చే యంత్రాలు నడిపేవాళ్ళకి లోపల పిల్లలున్నారో లేదో కనిపించదు కదా..." అని అక్కడే ఆపేశాడు. మిగతాది నేను పూర్తి చేసుకున్నాను. గోడ కూలడం, దాని కింద ఆయెలెన్ ఎర్ర స్వెట్టరు, గట్టు దిగలేక పైనే ఆగిపోయిన అంబులెన్సు, అన్నీ రెండు నిమిషాల్లో నా కళ్ళముందు జరిగిపోయాయి. సంతకం పెట్టాను. శుక్రవారానికి ముప్ఫై ఒక్క ఇళ్ళూ పెట్టేశాయి.

ఎవరూ నన్ను ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. అంతటితో ఆగితే బాగుండేది. దీనికి పదకొండేళ్ళప్పుడు స్కూల్లో 'మా పాత ఇల్లు' అని వ్యాసం రాయమన్నారు. అమ్మా, మనం ఎప్పుడు ఖాళీ చేశాం అని అడిగింది. చివరిదాకా నిలబడ్డ ఇల్లు మనదే అని చెప్పాను. నోటికి ఎలా వచ్చిందో వచ్చింది. అది అలాగే రాసింది. టీచరు దాన్ని వేదిక ఎక్కించి చదివించింది. హాల్లో మా వీధి వాళ్ళు సగం మంది కూర్చుని ఉన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటి నుంచి దీనికి తలెత్తుకుని నడవడం వచ్చింది. ఇప్పుడు ఆ వీధిలోనే ఇల్లిల్లూ తిరిగి ఎవరు ముందని అడుగుతానంటోంది. ఎవరో ఒకరు చెప్పేస్తారు. మా అమ్మ అని ఇది ఇంక ఎవరికీ నన్ను చూపించుకోదు. ఉద్యోగం మానేసి వేరే ఊరు పోతుంది, ఆ దారిలో బస్సు బోల్తా పడుతుంది. అంతదాకా వచ్చేశాను నేను.

మర్నాడు పొద్దున్నే లేచి పిండి కలిపి, వత్తి, కొవ్వులో తోర్తా ఫ్రీతాలు వేయించాను. గుడ్డలో చుట్టుకుని ముందుగా జుల్మా ఇంటికి వెళ్ళాను. పాత వీధిలో మా పక్కిల్లు ఆవిడది. ఇప్పుడు నాలుగో బ్లాకులో కింది వాటాలో, బట్టలారేసుకునే వసారాలో కోళ్ళు పెంచుతుంది. నాకంటే పదేళ్ళు పెద్దది, నోరు ఇంకో పదేళ్ళు పెద్దది.

"ఏమే నెలిదా, బయట ఎండ మాడిపోతోంది. వాన లేకుండా తోర్తా ఫ్రీతాలా? ఎవరు పోయారు?" అంది గుడ్డ విప్పుతూ.

అప్పుడు వెలిగింది నాకు. మా ఊళ్ళో అవి వాన పడితేనే వేయిస్తారు. చిన్నపిల్లకి కూడా తెలుసు. ఇరవై ఏళ్ళు దాచుకున్న మనిషిని, ఎండ రోజున తోర్తాలు పట్టుకుని ఊరేగుతున్నాను.

"ఊరికే చేశాను. మా ఆయెలెన్ నీ దగ్గరికి వస్తుంది. పాతవన్నీ అడుగుద్ది. నీకు ఆ రోజులు అంతగా గుర్తులేవు కదూ?"

"నాకా? పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో నువ్వు నా దగ్గర తీసుకున్న జల్లెడ కూడా గుర్తుంది. తెచ్చావా?"

"అది కాదు జుల్మా. కాగితాలు, సంతకాలు... అవి చెప్పి చిన్నదాని బుర్ర పాడు చెయ్యకు."

జుల్మా ఒక తోర్తా తుంచి కోడికి వేసి, ఇంకోటి తను కొరికింది. "ఉప్పు తక్కువైంది. భయపడుతూ పిసికితే పిండి గట్టిపడుద్ది, చూడు," అంది. ఆ రోజు పద్నాలుగు ఇళ్ళు తిరిగాను. పద్నాలుగు ఇళ్ళలోనూ కిటికీలోంచి ఆకాశం వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు.

రికార్డింగుకి ఆయెలెన్ వెంట నేనూ వెళ్ళాను. మెట్ల మీద బల్బు లేదు, జారిపడతావు అన్నాను. పట్టపగలు అమ్మా అంది. అయినా వెళ్ళాను. జుల్మా జుట్టు దువ్వుకుని, పెదాలకి రంగు వేసుకుని కూర్చుంది. ముందు ఆ యంత్రంలో కోళ్ళ గొంతు కూడా పడుద్దా అని అడిగి, పడుద్దంటే సంతోషించింది. ఓడల సంగతులు, వరద సంగతులు, లారీల నుంచి రాలిన మొక్కజొన్న ఊడ్చుకొచ్చి కోళ్ళని మేపిన సంగతి చెప్పింది. "మా కోళ్ళు ఎగుమతి సరుకు తిని పెరిగాయమ్మా. యూరప్ వాళ్ళు తినేదే అవీ తినేవి," అంది.

"దోన్యా జుల్మా, మరి కంపెనీ కాగితం మీద మొదటి సంతకం ఎవరు పెట్టారు?"

జుల్మా నా వైపు చూడనైనా చూడలేదు. కోడి వైపు చూసింది.

"ఎవరూ పెట్టలేదు పిల్లా. దానంతట అదే పడింది."

"సంతకమా?"

"ఆ. సంతకమే."

ఆ జవాబు మా రేవులో పుట్టినవాళ్ళకి కొత్త కాదు. బస్తా మోస్తూ ఎవడో జారవిడిస్తే అది పగిలిపోయేది. పుస్తకం పట్టుకుని గుమస్తా పరిగెత్తుకొచ్చేవాడు. ఎవడు పడేశాడు? పన్నెండుమంది ముఠా ఒకే గొంతుతో, దానంతట అదే పడింది బాబూ అనేది. జరిమానా వేయడానికి పేరు దొరికేది కాదు. చేతిలో పుస్తకం ఉన్నవాడికి పక్కవాడి పేరు చెప్పినవాడితో ఆ తర్వాత ఎవడూ బస్తా పట్టేవాడు కాదు. రేవు పోయింది, ముఠాలు పోయాయి, ఈ అలవాటు మటుకు బ్లాకుల్లోకి మాతోపాటు మారింది. కరెంటు రీడింగు మనిషి పక్కింటివాళ్ళు ఎప్పుడొస్తారని అడిగినా మావాళ్ళు చెప్పరు.

రెండు వారాలు ఆయెలెన్ తిరిగింది. పదమూడు మందిని అడిగింది. పదమూడు సంతకాలూ వాటంతట అవే పడ్డాయి. నేను ఇన్నాళ్ళకి హాయిగా నిద్రపోయాను, అలా నిద్రపోతే గుండె ఆగిపోతుందేమోనని రెండుసార్లు లేచాను తప్ప.

అప్పుడు ఆ రికార్డింగులు డైరెక్టరమ్మ విన్నది. ఆయెలెన్ చెప్పింది, ఆవిడ కళ్ళు మూసుకుని, చెయ్యి గుండెల మీద పెట్టుకుని విన్నదట. "ఎంత కవిత్వం! సంతకం దానంతట అదే పడిందట! ఈ జనానికి కోపమే లేదు చూశావా!" అన్నదట. మూడో రోజుకి గోడమీద పెట్టే పెద్ద బోర్డు రాసి అచ్చుకి సిద్ధం చేసింది. ఆయెలెన్ దాని నకలు తెచ్చి వంటగది బల్ల మీద పరిచింది. 'రేవు ప్రజలు తమ ఇళ్ళ తాళాలను తమంతట తామే రేపటి చేతిలో పెట్టారు' అని ఉంది. దాని కింద, తాళంచెవి పట్టుకుని నవ్వుతున్న ఒక ముసలాయన బొమ్మ. అతనెవరో మా వీధిలో ఎవరికీ తెలియదు. పళ్ళన్నీ ఉన్నాయి.

"చదివావా?" అంది ఆయెలెన్. "ఇది గోడమీదకెక్కితే ఇంకదే నిజం. రేపు స్కూలు పిల్లల్ని తీసుకొచ్చి చదివిస్తారు. వచ్చే గురువారం అచ్చు."

"పోనీలే అమ్మా. గోడేగా. నువ్వు ఆవిడతో గొడవ పెట్టుకోకు. ఉద్యోగం తీసేస్తారు."

"నేను పెట్టుకోను. నువ్వు మాట్లాడు."

"నేనా?"

"చివరిదాకా నిలబడ్డ ఇల్లు మనది కదా. వాళ్ళెలా బెదిరించారో, మిగతావాళ్ళు ఎలా పడిపోయారో నువ్వు చూశావు. నీ ఒక్క మాట ఉంటే ఈ బోర్డు నిలబడదమ్మా. ఇన్ని ఇళ్ళు తిరిగాను గానీ నిన్నే అడగలేదు చూడు, ఎంత తెలివితక్కువదాన్నో."

పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్ళాను. పొయ్యి వెలిగించనే లేదు.

సాయంత్రం దోన్ ఫెర్మీన్ దగ్గరికి పోయాను. ఎనభై నాలుగేళ్ళు. పాత రేవులో ముఠా మేస్త్రి. బ్లాకు ముందు కాలిబాట మీద కుర్చీ వేసుకుని, గిన్నెలోంచి గొట్టంతో మాతె ఆకు కషాయం పీలుస్తున్నాడు. గిన్నెలో వేడినీళ్ళు పోసి నాకూ ఇచ్చాడు. చెయ్యి కాలుద్దేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను.

"దోన్ ఫెర్మీన్, మీరు పెద్దవాళ్ళు. మీరొక్కసారి మా అమ్మాయి యంత్రంలో మాట్లాడండి. వాళ్ళు బెదిరించారని, జనం భయపడి పెట్టారని చెప్పండి. పేర్లేమీ వద్దు."

"పేర్లు లేకుండా చెప్తే ఆ సిల్కు గుడ్డావిడ దాన్ని కూడా పాట చేసేస్తుంది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఏ రోజున, ఎవడొచ్చాడు. అలా చెప్తేనే అది చెప్పడం."

"అయితే అలాగే చెప్పండి."

"ఎవరి గురించి చెప్పను పిల్లా? నీ గురించా?"

నా చేతిలో గిన్నె ఒలికింది. ఆయన తన జేబుగుడ్డ ఇచ్చాడు.

"ఆ ఫైలు మనిషి నీ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముప్ఫై ఇళ్ళూ తిప్పాడు. దేవుడి పటం తిప్పినట్టు. చూడండి, మీవాళ్ళే పెట్టారు అని. నీ పేరు చివర గీత వణికింది కూడా, నాకు గుర్తే."

"అందరికీ తెలుసా?"

"కుక్కలకి కూడా తెలుసు."

"ఓస్వాల్దోకి?"

"పడవ దిగిన రోజే. మేమెవరం చెప్పలేదు. ఆ మనిషే దారిలో ఆపి మీ ఆవిడ తెలివైంది అని చెయ్యి కలిపాడట. ఓస్వాల్దో ఇంటికి పోయి, సామాను తరలించడానికి ఫ్రిజ్ వీపుమీద ఎత్తుకున్నాడు."

అవును, ఎత్తుకున్నాడు. ఒక్కమాట మాట్లాడకుండా గట్టు పైదాకా మోశాడు. నడుం విరుగుతుందని నేను వెనకాల ఏడుస్తూ నడిచాను. చనిపోయేదాకా పదహారేళ్ళు నా పక్కన పడుకున్నాడు, ఆ మాట ఎత్తలేదు. నేను దాస్తున్నానని నేననుకున్నాను, నన్ను వీళ్ళంతా దాస్తున్నారు. స్కూలు హాల్లో చప్పట్లు కొట్టింది కూడా తెలిసే కొట్టారు. జుల్మా అందరికన్నా గట్టిగా కొట్టింది.

"మీరందరూ నన్ను ఎంత తిట్టుకుని ఉంటారో," అన్నాను.

ఫెర్మీన్ పళ్ళు లేని నోటితో నవ్వాడు. "నువ్వేదో మహా పాపం చేశావని గొప్పలు పోకు. ఆ కాగితం చూడగానే నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య, మొదటివాణ్ణి నేను కాను అనిపించింది. వాడు ఇంట్లోకి రాకముందే పెన్ను వెతికి పెట్టుకున్నాను. ముప్ఫై మందిమి రెండోవాళ్ళమయ్యాం నీ పుణ్యాన. మరి నీ పేరు ఏ మొహం పెట్టుకుని చెప్తాం?"

"అయితే ఎవరూ చెప్పరా?"

"పక్కవాడి పేరు చెప్పకూడదు. ఎవడి పేరు వాడు చెప్పుకోవచ్చు, దానికెప్పుడూ అడ్డు లేదు. అరవై ఏళ్ళల్లో చెప్పుకున్నవాణ్ణి నేను చూళ్ళేదు, అది వేరే సంగతి." గిన్నె వెనక్కి తీసుకుని నీళ్ళు పోశాడు. "నువ్వు చెప్పుకుంటే, నీ తర్వాత నేను చెప్పుకోగలను. మొదలుపెట్టడం నీకు అలవాటే కదా."

ఆ ముసలాయన్ని నదిలోకి తొయ్యాలనిపించింది. జ్వరం వస్తుందని ఊరుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఆయెలెన్ బల్ల దగ్గరే ఉంది. ఇంకో నాలుగు రోజులు ఆగితే బోర్డు అచ్చయిపోతుంది, నేను బతికిపోతాను, అది కూడా ఆలోచించాను. దాని ముందు ఆ నకలు, పళ్ళన్నీ ఉన్న ముసలాయన. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పెట్టు ఆ యంత్రం," అన్నాను.

దాని మొహం వెలిగింది. మీట నొక్కింది. "పేరు, వయసు చెప్పండి," అంది, నన్ను మీరు అని.

"నెలిదా బార్రియోనువేవో. అరవై మూడు. బలాన్సా వీధి, పంతొమ్మిదో ఇల్లు. ఆ వీధిలో మొదటి సంతకం నాది."

నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. ఆదివారం ఎత్తిన చెయ్యి, మంగళవారం వచ్చిన మనిషి, కాళ్ళు తుడుచుకోవడం, సగంలో ఆపిన మాట, నేను కళ్ళముందు చూసిన గోడ, అన్నీ చెప్పాను. నా కాగితం పట్టుకుని ముప్ఫై ఇళ్ళు తిప్పాడని, అది నాకు ఇవాళే తెలిసిందని చెప్పాను. చివరిదాకా నిలబడ్డ ఇల్లు మాది అని నా కూతురికి అబద్ధం చెప్పానని కూడా చెప్పాను.

ఆయెలెన్ యంత్రం ఆపలేదు. "స్కూల్లో నన్ను వేదిక ఎక్కించినప్పుడు మీరు హాల్లో ఉన్నారు," అంది. ఇంకా మీరే.

"ఉన్నాను."

"వాళ్ళంతా ఉన్నారు. వాళ్ళకి తెలుసు."

"తెలుసు."

లేచి వసారాలోకి పోయి తలుపు వేసుకుంది. యంత్రం బల్ల మీద ఎర్రగా వెలుగుతూనే ఉంది. దాన్ని ఎలా ఆపాలో నాకు తెలియదు. తలుపు దగ్గరికి వెళ్ళి, వసారా పిట్టగోడ పొట్టిది జాగ్రత్త అన్నాను. "అమ్మా, నన్ను కాసేపు వదిలెయ్," అని లోపల నుంచి అరిచింది. అమ్మా అన్నందుకు అక్కడే నేలమీద కూర్చుండిపోయాను.

అరగంటకి బయటికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. నా వైపు చూడకుండా వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, యంత్రాన్ని నా వైపు జరిపింది.

"ఆ ఫైలు మనిషి పేరు చెప్పలేదు నువ్వు."

"ఎవరి పేరూ చెప్పకూడదు కదే. మన రేవులో..."

"వాడెప్పుడు మోశాడమ్మా బస్తా?"

నాకు వాడి పేరు బాగా తెలుసు. ఆ కాగితం మీద నా పేరు కింద అచ్చులో ఉంది, రెండు ఇంటిపేర్లతో సహా. ఇప్పుడు వాడు కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు, జ్ఞాపకాల భవనం రిబ్బను కత్తిరించింది కూడా వాడే. "నీ ఉద్యోగం పోతుంది," అన్నాను. "కోర్టుకి లాగుతారు. ఈ ఇల్లు కూడా పోతుంది. నీకు ఊళ్ళో ఎక్కడా పని దొరకదు."

"ఇంకా?" అంది.

ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. వాటిని పక్కనపెట్టి, యంత్రానికి నోరు దగ్గరగా పెట్టి, వాడి పేరు రెండు ఇంటిపేర్లతో సహా చెప్పాను. సరిగ్గా పడిందో లేదోనని ఇంకోసారి చెప్పాను.